ఆగని రోబోకి మెకానిక్కెందుకు

వెల్డింగు షెడ్డులో రోబో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా ఆగిపోయింది. దాని ఇనుప కంచె ముందు ఇద్దరున్నారు. ఒకరు దాన్ని బాగుచేసే మెకానిక్కు, ఇంకొకరు దాన్ని నడిపే ఆపరేటరు. ఆ ఆపరేటరు మెకానిక్కు భార్యకు స్వయానా చెల్లెలు కావడం అతను చేసుకున్న పుణ్యమో పాపమో ఇంకా తేలలేదు.

"...అందుకే డ్యూటీలో బావా అని పిలవొద్దన్నాను. నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"వినేవాళ్ళెవరున్నారు మెకానిక్ గారూ? అందరూ భోజనాలకి పోయారు. మిగిలింది ఇదొక్కటే. ఇదేమో బడిలో జవాబు తెలిసిన పిల్లాడిలా చెయ్యెత్తి నిలబడింది."

"జవాబు తెలిస్తే చెప్పమను మరి. భోజనాలవగానే పెద్దసారు వస్తాడు. ఎందుకాగిందో చెప్పకపోతే ఆపరేటరు తప్పేనని నిన్ను ప్యాకింగుకి తోసేస్తానన్నాడు. నిన్ను! నాకు ఇంట్లో అన్నం పెట్టే మనిషి చెల్లెల్ని!"

"అంటే నీ బాధ నా గురించి కాదు, నీ అన్నం గురించి."

"రెండిటి గురించీనూ. ముందు ఆ తెర మీద ఏముందో చదువు."

"ఎప్పుడూ ఉండేదే. సేఫ్టీ చెయిన్ తెగింది."

"తలుపు నుంచి బటన్ దాకా అన్నీ ఆ గొలుసు సర్క్యూట్‌లోవే. ఎక్కడ తెగిందట?"

"అది చెప్పదు. అది కూడా చెప్పేస్తే ఇంక నువ్వెందుకు?"

"సరిగ్గా ఇలాంటి మాటే ఆ మధ్య పెద్దసారూ అన్నాడు, గుర్తుందా? అందరి ముందూ. ఈ రోబో ఎప్పుడూ ఆగదు, ఆగని రోబోకి మెకానిక్కెందుకు, అవసరమైతే బయటివాణ్ణి పిలిపించుకుందాం అని. నా గుండె జారి బూట్లలోకి వచ్చింది."

"మర్నాడే ఆగిందిగా."

"మర్నాడే! నా జాతకం అలాంటిది. అప్పట్నుంచీ రోజు విడిచి రోజు ఆగడమే. నేను రావడం, కోటేసుకోవడం, కంట్రోలరు పెట్టె తెరవడం, ఏదో ఒకటి మార్చడం, అది ఠక్కున లేవడం. అందరూ రోబో డాక్టరని ఒకటే పొగడ్త. మీ అక్కయితే నేను పక్కన నిలబడితే చాలు మిషన్లు లేచి కూర్చుంటాయని చుట్టాలందరికీ చెప్పుకుంటోంది. నిజం చెప్పనా? ఏం చేస్తే లేస్తోందో ఇవాళ్టి వరకూ నాకే తెలీదు."

"ఆ సంగతి నాకు తెలీదా?"

"నీకెలా తెలుసు?"

"నీ మొహం చూస్తే తెలీట్లా! వైరు పట్టుకునే ముందు కళ్ళు మూసుకుంటావు."

"అది ఏకాగ్రత."

"భయం."

"సరే, భయమే. తలుపు స్విచ్చు మార్చాను. ఎమర్జెన్సీ బటన్ మార్చాను. కేబుల్ మార్చాను. కంట్రోలర్లో సర్క్యూట్ కార్డు మార్చాను. ఆ పాత కార్డుతో మా పిల్లలు రైలుబండి ఆట ఆడుకుంటున్నారు. ఇంక ఇందులో మార్చాల్సింది మెకానిక్కునే."

"ఆ పని పెద్దసారు చూసుకుంటాడులే."

"నీ నోటికి అడ్డూ ఆపూ లేదు, అచ్చం మీ అక్కే. ఇటు రా. ఆగినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే. రేకు లోపల పెట్టి, వెనక్కొచ్చి, పచ్చ బటన్ నొక్కాను."

"మళ్ళీ చెయ్యేమన్నా లోపలికి పెట్టావా? ఈ రెండు స్తంభాల మధ్యా కంటికి కనపడని కిరణాలుంటాయి. వేలు అడ్డం పడినా ఆగిపోతుంది."

"దీన్ని రోజూ నడిపేదాన్ని, నాకే పాఠమా? పెట్టలేదు."

"జడ?"

"టోపీలో ఉంది."

"మరి దేనికి... అబ్బబ్బ, ఏం ఉక్క ఇది! ఆ ఫ్యాను అటు తిప్పి పెట్టావేం? కంచెకి ఉక్కపోస్తోందా? నీకు చెమటలు కారిపోతున్నాయి, నీ వైపు పెట్టుకోవచ్చుగా."

"నాకు ఫ్యాను గాలి పడదు. జలుబు."

"ఇంత ఎండలోనా?"

"జలుబుకి ఎండేంటి, వానేంటి? నువ్వు నీ పని చూడు."

"చూస్తున్నా. పెట్టె తెరవాలి. నా కోటేదీ?"

"ముందు భోంచేసి రా బావా. వచ్చాక తెరుద్దువుగాని."

"మళ్ళీ బావా? కోటు లేకుండా పెట్టె ముట్టుకోకూడదు, రూలు. ఆ, అదిగో, స్తంభం పక్కన కంచె కొక్కేనికి ఉంది."

"ఉండు, నేను తెచ్చిస్తా!"

"ఎందుకంత కంగారు? నా కాళ్ళు బాగానే ఉన్నాయి. ఇదిగో, తీశా... అరె!"

"ఏమైంది?"

"కిరణాల స్తంభం మీద ఎర్ర దీపం పోయి పచ్చది వచ్చింది."

"వస్తూ పోతూ ఉంటుంది. దానికి తిక్క."

"నేనింకా దేన్నీ ముట్టుకోలేదే! కోటు తీశానంతే. ఉండు, మళ్ళీ తగిలిస్తా. ఫ్యాను ఇటు తిరగనీ... తిరుగుతోంది... కోటు చెయ్యి ఊగి కిరణాలకి అడ్డం పడింది... ఎర్ర దీపం! చూశావా?"

"ఏదో అలా కలిసొచ్చిందిలే."

"కలిసిరావడమా! ఇంకోసారి చూడు. గాలి... ఊగింది... ఎర్ర దీపం! తల్లీ, ఇన్నాళ్ళూ రోబోని ఆపింది నా కోటు! ఆగగానే నన్ను పిలుస్తారు. నేనొచ్చి కోటేసుకుంటా. వేసుకోగానే రోగం కుదిరిపోతుంది. ఆ తర్వాత నేను చేసిన వైద్యమంతా ఆరోగ్యంగా ఉన్న రోగికి! ఆ కార్డు ఏం పాపం చేసిందే? దాని ఉసురు నాకు తగలదూ?"

"మెల్లగా బావా, అరవకు."

"అరవకేం చెయ్యను మరి! అయినా కంచెకి తగిలించే బుద్ధి నాకెప్పుడు పుట్టిందో. పనవగానే విప్పి ఆ స్టూలు మీద పారేసినట్టే గుర్తు. అయినా తువ్వాలు భుజాన వేసుకుని ఇల్లంతా తువ్వాలు కోసం వెతికేవాణ్ణి, నా గుర్తుకి విలువేముంది?"

"ఇప్పుడేం చేస్తావు?"

"ఏం చేస్తానా? పెద్దసారు రాగానే చెప్పేస్తా. ఆపరేటరు తప్పు లేదండీ, రోబోది అసలే లేదు, రోబో డాక్టరు గారి కోటుది అని. నవ్వితే నవ్వనీ. నవ్వులపాలవడం నాకేం కొత్తా? నువ్వు ప్యాకింగుకి పోయే గొడవ తప్పుతుంది."

"వద్దు."

"వద్దా?"

"తప్పు నాదేనని చెప్పు. నేనే చెయ్యి పెట్టానని చెప్పు. ప్యాకింగుకి పంపితే పంపనీ, అక్కడ చల్లగా ఉంటుంది."

"పిచ్చా ఏంటి నీకు? సెలవు రోజుల్లో కూడా వచ్చి, తిట్లు తిని, ఈ పని నేర్చుకున్నదానివి. నిన్ను పేరు పెట్టి పిలిస్తే పలకవు గానీ ఇది కిర్రుమంటే పరిగెత్తుతావు. చెయ్యని తప్పు నెత్తినేసుకుంటావా?"

"ప్యాకింగుకి పంపినా జీతం వస్తుంది బావా. ఇంటికి పంపితే రాదు."

"ఎవర్ని ఇంటికి పంపుతారు?"

"కోటు సంగతి చెప్పావనుకో, రేపట్నుంచి రోబో ఆగదు. ఆగని రోబోకి..."

"...మెకానిక్కెందుకు."

"అదీ."

"ఓరి నాయనో. ఇది నాకు తట్టనే లేదు."

"అందుకే నోరు మూసుకుని భోజనానికి పో."

"పోను. నాకు భయమే, కాదనను. అయినా చెప్పాల్సిందే. నా మతిమరుపుకి నిన్ను బలిచేసి, రాత్రి మీ అక్క వడ్డిస్తే ఆ ముద్ద ఎలా దిగుతుంది నాకు? కోటు నాది, నిర్వాకం నాది."

"నీది కాదు."

"ఏంటి నాది కాదు? కోటా?"

"మతిమరుపు. స్టూలు మీద పారేసినట్టు గుర్తన్నావుగా. నీకు గుర్తున్నది నిజమే."

"మరి కొక్కేనికి ఎవరు..."

"పెద్దసారు ఆ మాటన్న రోజు అక్క నా దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది బావా. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

"అంటే కోటు కొక్కేనికి తగిలించింది నువ్వా!"

"అలా చూడకు."

"ఉండు, ఉండు. మరి ఆ ఫ్యాను?"

"నాకు జలుబు లేదు బావా."