ముఖం కనబడని సెహ్రా

పెళ్ళి ఆ సాయంత్రమే, బాపట్లలో. తెనాలి బజారు పూలకొట్టులో పెళ్ళికొడుకు తల్లి షంషున్నీసాకు కుర్చీలో కూర్చునే ఓపిక లేదు. కొట్టు నడిపే కనకదుర్గకు మాత్రం తొందరేమీ ఉన్నట్టు లేదు.

“ఇది కాదు దుర్గా, ఇది కాదు. ఈ పూల తెరలోంచి అవతలి గోడ కనబడుతోంది.”

“కనబడాలనే కదా పిన్నిగారూ ఫ్యాషను! ఇప్పుడు సెహ్రాలన్నీ ఇలాగే కడుతున్నాం. తలపాగాకి అటో పేట, ఇటో పేట. మధ్యలో పెళ్ళికొడుకు ముఖం ఫొటోల్లో పడాలంటున్నారు అందరూ.”

“మా ఫహీంకి ఫొటోలొద్దు. నుదుటి దగ్గర్నించి గుండెల దాకా దిగాలి. మల్లెలు దగ్గర దగ్గరగా గుచ్చు. సందు ఉండకూడదు.”

“పాతకాలం పెళ్ళికొడుకులా ఉంటాడండి.”

“ఉండనీ.”

“నడిచేటప్పుడు మెట్లు కూడా కనబడవు.”

“చెయ్యి పట్టుకుని నడిపిస్తాంలే. కట్టు.”

“కడతా, కడతా. ముందు బొకే చూడండి, స్టేజీ మీద ఖతీజా పట్టుకోవడానికి. ఇదిగో, ఇవి ఆర్కిడ్లు. ఇవి…”

“ఏదో ఒకటి ఇవ్వు.”

“కోడలికి ఏదో ఒకటేంటండి! మొన్న రేపల్లె చర్చిలో స్నేహలత అని ఒకమ్మాయి పెళ్ళి. తెల్ల గులాబీల చుట్టూ సన్నటి ఆకులు పెట్టి ఇచ్చా. ఆ ఫొటో చూసినవాళ్ళందరూ అదే కావాలంటున్నారు. ఇప్పుడు మీవాళ్ళల్లోనూ పట్టుకుంటున్నారుగా. ఖతీజా డ్రస్సు ఏం రంగు?”

“ఎరుపు. కాదు, గులాబీ. ఫోన్లో ఫొటో పంపింది. దుర్గా, సెహ్రా సంగతి…”

“లేత గులాబీనా, ముదురా?”

“నాకేం తెలుసే! వాడికి పంపింది. వాడు చూసి ఫోను బోర్లా పెట్టాడు.”

“బోర్లా పెట్టాడా? ఎందుకండి?”

“ఎందుకేంటి, సిగ్గు.”

“ఫహీంకి సిగ్గా! చిన్నప్పుడు బంతిపువ్వు ఇస్తావా, బుట్ట బోర్లించమంటావా అని నన్ను బెదిరించినవాడికి సిగ్గా! కూర్చోండి పిన్నిగారూ. టీ చెప్పనా?”

“టీ వద్దు. మధ్యాహ్నం నమాజు అవగానే కార్లు బయల్దేరాలి. వాడు గది తలుపేసుకుని పడుకున్నాడు. లేపాలి, స్నానం చేయించాలి. నువ్వు దారం తియ్యి.”

“తీస్తా. మల్లెలు చాలవు, వేమూరు నుంచి ఇంకో బుట్ట రావాలి. అది వచ్చేలోపు బొకే తేల్చేద్దాం. జెర్బెరాలు వద్దు, పుట్టినరోజులకి వాడి వాడి వాటి పరువు పోయింది. లిల్లీలు పెడదామా? హాలంతా ఘుమఘుమలాడుద్ది.”

“లిల్లీలొద్దు. వాసన పడదు.”

“ఖతీజాకా?”

“వాడికి. ఈమధ్య ఏ వాసనా పడటం లేదు. ఇంట్లో తాలింపు వేసినా కక్కుతున్నాడు.”

“ఏమైందండి?”

“ఏమవుద్ది? కామెర్లు. తగ్గిపోయినాయి.”

“కామెర్లకి కనుబొమలు కూడా ఊడిపోతాయా పిన్నిగారూ?”

“నువ్వెప్పుడు చూశావు?”

“నేనా? చూడలేదండి. మీ వీధివాళ్ళెవరో అన్నారు.”

“ఎవరు?”

“ఎవరో లెండి. ఈ కార్నేషన్లు చూడండి, వారమైనా వాడవు.”

“ఎవరన్నారో చెప్పు దుర్గా. ఆ మాట బాపట్ల దాకా పోయిందా?”

“పోలేదండి. పోకముందే పెళ్ళి చేసేద్దామనా?”

“గట్టిగా అరవకు.”

“ఎవరూ లేరు, చెప్పండి.”

“నిశ్చితార్థం అప్పుడు వాడెలా ఉన్నాడో నువ్వూ చూశావుగా. ఆ జుట్టు, ఆ గడ్డం! ఖతీజా వాళ్ళ నాన్న కన్నార్పలేదు. ఆ తర్వాతే జబ్బు బయటపడింది. గుంటూరు తీసుకెళ్ళాం, మందులు ఎక్కించారు. జుట్టు పోయింది, గడ్డం పోయింది. ముఖం నల్లబడి ఉబ్బిపోయింది. వాళ్ళకేమో హైదరాబాదులో పనుంది, రాలేడు అని చెబుతూ వచ్చాం.”

“ఆ మందులు పనిచేశాయా?”

“ఆ గులాబీలు ఇలా ఇవ్వు, చూస్తా.”

“పిన్నిగారూ.”

“ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఏది తింటానంటే అది పెట్టమన్నారు. అంతే.”

“అయ్యో… మరి ఆ పిల్ల?”

“ఏ పిల్ల?”

“ఖతీజా అండి. మీకేం అపకారం చేసింది?”

“ఏమీ చెయ్యలేదు. బంగారం లాంటి పిల్ల. నాకు తెలీదనుకున్నావా? అల్లా అడిగితే నేను జవాబు చెప్పుకుంటా. వాడికి ఇల్లు లేదు, పిల్లల్లేరు, ముసలితనం లేదు. పెళ్ళి కూడా లేకుండా పంపమంటావా?”

“నేనేం అనడం లేదండి. ఒక్క ఫోన్ చెయ్యండి. ఇప్పుడే, ఇక్కడే కూర్చుని. వాళ్ళ అమ్మకి మీరే చెప్పండి.”

“చెబితే ఆగిపోద్ది.”

“ఆగదేమో. వాళ్ళూ మనుషులే కదా.”

“నేను ఆడపిల్ల తల్లినైతే ఆపేస్తాను. వాళ్ళూ ఆపేస్తారు.”

“మరి ఆ ముక్క తెలిసి కూడా…”

“ఖాజీ అడుగుతారు, కబూల్ అంటారు, అయిపోద్ది. ఆ తర్వాత సెహ్రా ఎత్తితే ఎత్తనీ. ఏడిస్తే ఏడవనీ. నా కోడలై ఏడవనీ.”

“అంత మాటనకండి పిన్నిగారూ.”

“అంటాను. పెళ్ళయ్యేదాకా పూలు కదలకూడదు, అంతే. నీ కాళ్ళు పట్టుకోమంటావా?”

“వద్దు వద్దు, లేవండి! పెద్దవాళ్ళు మీరు…”

“మరి కట్టు.”

“కడతా. ఒక్క మాట… బొకే కాడలకి రిబ్బను. తెలుపా, గోల్డా?”

“నా కడుపు తరుక్కుపోతుంటే నీకు రిబ్బనేంటే?”

“తేల్చండి. తెలుపా, గోల్డా?”

“గోల్డు! ఫోను మోగుతోంది.”

“మోగనివ్వండి. మెరిసే గోల్డా, మామూలుదా?”

“మా ఆయన. ఉండు… ఏవండీ, పూలకొట్లో ఉన్నా, వచ్చేస్తున్నా… ఏంటీ? గదిలో లేడా? మేడ మీద చూశారా?… మసీదుకి వెళ్ళి ఉంటాడు… కారు లేదా? కారు లేకపోవడమేంటి?… ఎటైనా పడిపోయాడేమో, చుట్టుపక్కల చూడండి, నేనొస్తున్నా… దుర్గా, ఫహీం ఇంట్లో లేడంట. నిలబడే ఓపిక లేదు వాడికి, కారెలా నడుపుతాడు?”

“వాడు నడపడం లేదండి. ఫ్రెండు రాజీవ్ నడుపుతున్నాడు. పొన్నూరు దాటి ఉంటారు.”

“ఏంటన్నావు?”

“మీకంటే ముందే వచ్చాడు పిన్నిగారూ. టోపీ తీసి నా ఎదురుగా నిలబడ్డాడు. ఏం కావాలి బాబూ అన్నాను. మన ఫహీంని పట్టుకుని, ఎవరో అనుకుని, ఏం కావాలి బాబూ అన్నాను.”

“వచ్చి ఏం చేశాడు?”

“అమ్మ వస్తుంది, బొకేలు చూపిస్తూ కాసేపు కూర్చోబెట్టక్కా అన్నాడు.”

“కూర్చోబెట్టావు! ఆర్కిడ్లు, గులాబీలు, రిబ్బన్లు…”

“వాడు బాపట్ల చేరేలోపు మీరే ఫోన్ చేసి చెబుతారేమోనని చూశానండి. మీ చేత చెప్పించాలనే చూశా.”

“సెహ్రా కట్టిచ్చావా వాడికి? ఆ పలచటిది కట్టిచ్చావా?”

“ఏదీ వద్దన్నాడు. ‘నోటితో చెప్పనని అమ్మకి ఒట్టేశానక్కా, అందుకే ఖతీజా వాళ్ళ గుమ్మంలో నిలబడి ముఖం చూపించి వచ్చేస్తా’ అన్నాడు.”