ఎడమ నడుం దగ్గర అరిగిన గౌను

బడి పక్కనున్న కుట్టుకొట్టులో, బాగుచేతకొచ్చిన నీలం బట్టల గుట్టకి అటు దర్జీ, ఇటు హెడ్మాస్టరమ్మ.

"రేపటి మీటింగులో యూనిఫాం తీసేయమనే చెబుతాను బాబాయ్. అందరూ ఒకే అచ్చులో పోసినట్టుంటారు. ఎవరు ఎవరో తెలీదు."

"తెలీకపోవడమేంటి టీచరమ్మా! ఈ చొక్కా చూడండి. కాలరు నమిలి నమిలి పీచు చేశాడు."

"అమ్మో, వాడే! లెక్కల పరీక్ష అంటే చాలు, కాలరు నోట్లోనే."

"దీనికి ఎడమచేతి అంచంతా సిరా. రాసేది ఎడంచేత్తో."

"పేర్లయినా రాసిలేవు. ఎలా చెప్పేస్తున్నావు బాబాయ్!"

"నేను అన్నీ ఒకేలా కుడతానమ్మా. అందుకే తేడా ఇట్టే దొరికిపోతుంది. ఇదిగో, ఈ గౌను నిన్న సాయంత్రం వచ్చింది. ఒక్క ఎడమ నడుం దగ్గరే అరిగి చిరిగింది. ఇదివరకే అక్కడ మూడుసార్లు అతుకేశాను."

"అక్కడే ఎందుకు?"

"చంటిబిడ్డని చంకనేసుకుని తిరిగితే అక్కడే అరుగుతుంది."

ఆవిడ గౌనును రెండు చేతులా అందుకుని, చిరుగుకి పెట్టిన పిన్నీసును తడిమింది.

"ఈ పిన్నీసు నాదే బాబాయ్. నిన్న ఈ పిల్ల ఆలస్యంగా వచ్చిందని గేటు బయట నిలబెట్టినప్పుడు, చిరుగు చూసి పెట్టాను. రోజూ నిలబెడుతూనే ఉన్నాను."

"ఎందుకాలస్యమో అడగలేదా?"

"అడిగాను. నేలచూపులు చూసింది. ఊరందరి పిల్లలకీ చదువు చెప్పేదాన్ని, ఇది చదవలేకపోయాను."

"మరి రేపటి మీటింగో?"

"అది మధ్యాహ్నం కదా. పొద్దున్నే ఆ పిల్ల ఇంటికెళ్లి, ఆ చంటిబిడ్డని కాసేపు నేనెత్తుకుంటాను."