పిల్లి ఆపరేషన్‌కి బాబాయ్ పెట్టిన ముహూర్తం

"ఆ ఫోను పెట్టెయ్యమ్మా. పిల్లికి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో అడగడానికి ఆసుపత్రి దాకా ఎందుకు, నేను బతికుండగా?"

ఆ మాట అన్నది మీటర్ బాబాయ్. నాకు వరసకు బాబాయేం కాదు, రెండు వీధుల అవతల ఉంటాడు. ముప్పయ్యేళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు రాసి రిటైరయ్యాడు కాబట్టి ఆ పేరొచ్చిందని ఆయన అనుకుంటాడు. ఒకసారి నోరు తిరగడం మొదలుపెడితే ఆగదు కాబట్టి వచ్చిందని మిగతావాళ్లం అనుకుంటాం. ఇంట్లో పిన్నిగారు నోరెత్తనివ్వదు గనక, పొద్దున్నే నా టైలరింగ్ షాపు తెరిచేసరికి వచ్చి, ఇస్త్రీ బల్ల పక్క కుర్చీలో సర్దుకుంటాడు.

నేను ఫోను చేసింది పశువుల ఆసుపత్రికే. మా షాపులో గుడ్డముక్కల బుట్టలో పడుకునే పిల్లి పుట్టి అయిదు నెలలు నిండాయి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. రెండు రోజులుగా ఒక గండుపిల్లి ఎదురుగోడ మీద కూర్చుని, అద్దెకు ఇల్లు చూడ్డానికి వచ్చినవాడిలా షాపును పైనుంచి కిందిదాకా చూస్తోంది. మా అత్తగారేమో "ఒక్క కాన్పయినా కానివ్వవే, పాపం" అంటుంది. మా ఆయన "నీ ఇష్టం" అంటాడు, అంటే నా మొహాన పడేశాడని అర్థం. పిడికెడు ప్రాణి మీద కత్తి పెట్టించాలనేసరికి రోజంతా కత్తెర పట్టే నాకే మనసొప్పడం లేదు. అందుకే బాబాయ్ అలా అనగానే ఫోను కిందపెట్టాను. బుద్ధి తక్కువై.

"మరి ఎప్పుడు చేయించాలంటావు బాబాయ్?"

"అలా అడుగు. మా ఇంటి పిల్లికి ఏ రోజు చేయించాలో పెట్టింది ఎవరనుకున్నావు? నేనే. డాక్టరమ్మ మామూలు మనిషి కాదు, ఇంతింత లావు పుస్తకాలు చదివింది, అయినా ఏమంది? అయిదో నెల వచ్చింది, ఎదకు రాకముందే చేయించెయ్యండి అంది. అమ్మా, మీరు పుస్తకం చదివారు, నేను పిల్లిని చదివాను అన్నాను. మీటరు చూడగానే ఆ ఇంట్లో ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయో చెప్పేవాణ్ణి, ఇంత పిల్లి నాకొక లెక్కా? తోక నిమిషానికి ఎన్నిసార్లు ఊపుతుందో లెక్కపెట్టాను, దాన్ని మీసాలతో గుణించాను, రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతుందో అది తీసేశాను. రోజు, గంట, నిమిషం, అన్నీ వచ్చేశాయి."

ప్యాంటు అంచు మడిచి కుట్టించుకోవడానికి వచ్చిన స్కూలు బస్సు డ్రైవరు బెంచీ మీద కూర్చున్నాడు. "సెకన్లు రాలేదా బాబాయ్?" అన్నాడు.

"వచ్చాయి. మరీ అంత కచ్చితంగా చెబితే డాక్టరమ్మ చిన్నబుచ్చుకుంటుందని నేనే వదిలేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ గోడమీద క్యాలెండరు తీసి చెత్తబుట్టలో పడేసింది! ఇక మా ఆసుపత్రిలో ఏ పిల్లికైనా మీరు చెప్పిన రోజే, అంది. నేను వద్దన్నాను. నాకు పేరెందుకమ్మా, మూగజీవాలకు మంచి జరిగితే చాలు అన్నాను. వింటుందా? చెయ్యి పట్టుకుని ఆపరేషన్ గదిలోకి లాక్కెళ్లింది."

నేను కాజా కుట్టడం ఆపాను. "నిన్ను లోపలికి రానిచ్చారా?"

"రానివ్వడమేమిటే పిచ్చిదానా, నేను లేకపోతే మొదలుపెట్టనంది! సరే, పిల్లిని బల్లమీద పడుకోబెట్టారు, మత్తుసూది తీశారు. ఆగండి అన్నాను. సూదెందుకు? చెవి దగ్గర కూర్చుని నాలుగు వీధుల మీటరు నంబర్లు వరసగా చదివాను. మూడో వీధి మధ్యలోకి వచ్చేసరికి పిల్లి గుర్రు పెట్టింది."

"అది నమ్ముతాను," అన్నాడు డ్రైవరు. "మీరు చదువుతుంటే నాకూ నిద్రొస్తుంది."

"వస్తుంది మరి! డాక్టరమ్మకీ వచ్చింది, అదీ చిక్కు! కత్తి చేతిలో పట్టుకునే ఆవిడ కునుకు తీసింది. సరిగ్గా అప్పుడే, చూడు దరిద్రం, కరెంటు పోయింది. బయట పట్టపగలే గానీ ఆ గదికి కిటికీ లేదు, చీకటి గుయ్యారం. ఇంకొకడైతే ఏం చేసేవాడు? పారిపోయేవాడు. నేను ఎడం చేత్తో ఒక తీగ పట్టుకున్నాను, కుడిచేత్తో ఇంకో తీగ పట్టుకున్నాను, లైటు నా గుండా వెలిగింది."

"నీ గుండానా?"

"ముప్పయ్యేళ్లు కరెంటుతో కాపురం చేసినవాణ్ణమ్మా, అది నన్నేం చేస్తుంది? ఇప్పటికీ నేను పక్కనుంచి వెళ్తే బల్బు కాస్త ఎర్రబడుతుంది, చూసుకో."

"రెండు చేతుల్లో తీగలుంటే, ఆపరేషన్ ఏ చేత్తో చేశారు?" డ్రైవరు అడిగాడు.

బాబాయ్ తన రెండు చేతులూ చూసుకున్నాడు. "మంచి ప్రశ్న. తీగలు పళ్లతో పట్టుకున్నాను."

ఇంతలో ఒకావిడ చేతిసంచీ పట్టుకుని షాపులోకి వచ్చింది. జిప్పు ఊడిపోయిందంది. అయిదు నిమిషాలు కూర్చోండన్నాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని, బుట్టలోని మా పిల్లిని చూసి, చూపుడువేలితో దాని గడ్డం కింద గోకింది. కొత్తమనిషి వస్తే నా పిల్లి మిషను కిందికి దూరుతుంది. ఈవిడ దగ్గర మాత్రం మెడ చాచింది. వినడానికి ఇంకో మనిషి దొరికేసరికి బాబాయ్ కుర్చీని కాస్త ముందుకు జరుపుకున్నాడు.

"పిల్లి ఆపరేషన్ గురించి చెబుతున్నానమ్మా, మీకూ పనికొస్తుంది వినండి. ఎక్కడున్నాం? ఆ, కుట్లు. ఇదిగో ఈ అమ్మాయి కుట్టు చూశారా, ఊళ్లో దీన్ని మించింది లేదు. కానీ నేను ఆ రోజు పిల్లికి వేసిన కుట్టు చూస్తే ఈ మిషను అమ్మేసి ఇంట్లో కూర్చునేది. దారమే కనబడదు! పిల్లికే కనబడక, ఆపరేషన్ అయిందో లేదోనని నా మొహంలోకి చూసింది. అయిందే తల్లీ అన్నాను. అప్పుడు లేచి, ముందుకాళ్లు రెండూ ఇలా దగ్గరికి చేర్చి..."

"మాట్లాడిందా?" అన్నాను.

"ఛ, పిల్లి ఎక్కడైనా మాట్లాడుతుందా? నేను అబద్ధాలు చెప్పే మనిషినా? తల ఊపిందంతే. అసలు కథ అప్పుడు మొదలైంది. అది వీధిలోకెళ్లి మిగతావాటికి చెప్పినట్టుంది. సాయంత్రానికి ఆసుపత్రి గేటు ముందు పిల్లులు! పది కాదు, ఇరవై కాదు. ఒకదాని వెనక ఒకటి, బస్టాండు మలుపు దాకా వరస. ఒక్కటంటే ఒక్కటి తోసుకుంటే ఒట్టు. చంటివి ముందు, కాస్త వయసొచ్చినవి వెనక."

"టోకెన్లు ఎవరిచ్చారు?" డ్రైవరు ఎంతో వినయంగా అడిగాడు.

"కుక్క. గేటు దగ్గర ఎప్పుడూ పడుకునే నల్లకుక్క. పాపం, పక్షపాతం లేని మనిషి. నేను ఒక్కో పిల్లినీ ఎత్తుకుని చూడటం, తోక లెక్కపెట్టడం, నీకు ఈరోజే, నీకు వచ్చేవారం, నీకు తొందరలేదు తల్లీ వెళ్లిరా అని పంపించడం. నూట నలభై! గండుపిల్లులైతే వాటంతట అవే వచ్చి వెల్లకిలా పడుకున్నాయి, తప్పంతా మాదే అన్నట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడోరోజుకు ఓడరేవు నుంచి కబురు. అవతలి ఒడ్డు నుంచి పిల్లులు ఈదుకుంటూ వస్తున్నాయిట!"

"సముద్రం ఈది?"

"మరి పడవెక్కనివ్వరుగా! పిల్లికి నీళ్లంటే ఎంత భయం? అంత భయాన్నీ చంపుకుని నాకోసం వచ్చాయంటే, ఇక నేను చెప్పుకోకూడదు, మీరే అనుకోవాలి. వచ్చినవాటి ఒళ్లు తుడవడానికే ఆసుపత్రిలో తువ్వాళ్లన్నీ అయిపోయాయి. అందుకే చెబుతున్నానమ్మాయ్, ఈ అయిదో నెలా, ఆరో నెలా అన్నది డాక్టర్ల తొందర. నీ పిల్లి తోక నేను చూశాను. దానికింకా టైముంది. ఒక కాన్పు కానివ్వు, ఆ తర్వాత నేను చెబుతాను."

నిజం చెప్పొద్దూ, అన్ని కోతలు విన్నాక కూడా ఆ చివరి మాట దగ్గర నా మనసు ఊగింది. అత్తగారూ అదే అంది, ఈయనా అదే అంటున్నాడు. పోనీ ఒక్కసారి ఆగితే ఏం పోయిందని బుట్టలోకి చూశాను.

చేతిసంచీ ఆవిడ పిల్లిని గోకడం ఆపలేదు. తలెత్తకుండానే అడిగింది. "ఏ ఆసుపత్రి అండీ అది?"

"రైల్వే గేటు దాటాక, నీలం రేకుల షెడ్డు. డాక్టరమ్మ కాస్త పొట్టిగా ఉంటుంది, నా పేరు చెప్పండి చాలు, కుర్చీ వేస్తారు."

"కుర్చీ కాదండీ, బల్ల వేశాం," అంది ఆవిడ. "నేను అక్కడే నర్సుని. మొహానికి మాస్కు ఉంటుంది కదా, మీరు గుర్తుపట్టినట్టు లేదు. మిమ్మల్ని మాత్రం నేను మర్చిపోలేదు."

నేను మిషను ఆపేశాను.

"అయిదో నెలలో టీకాకని తెచ్చారు మీ పిల్లిని. అప్పుడే చేయించమంది డాక్టరమ్మ. టైము నేను చెబుతానన్నారు మీరు. రెండు నెలలు పోయాక తెచ్చారు, చూలుతో ఉంది. నాలుగు పిల్లల్ని పెట్టింది. అవి పాలు మానగానే తీసుకురమ్మన్నాం. కాస్త తేరుకోనివ్వండి అన్నారు. ఆ పిల్లలు పాలు తాగుతుండగానే అది మళ్లీ చూలు కట్టింది. రెండోసారి పెట్టినవాటిలో ఒక్కటి మిగిలింది. తల్లి ఎముకల గూడైపోయింది. అప్పుడు మీ ఆవిడ మిమ్మల్ని అడక్కుండా దాన్ని చీరకొంగులో చుట్టుకుని తెచ్చింది, మీరు గొడుగు పట్టుకుని వెనకాల వచ్చారు. ముహూర్తం పెట్టింది ఆవిడండీ."

బాబాయ్ దగ్గాడు. "అంటే... ఆపరేషన్ గదిలోకి మాత్రం..."

"వచ్చారు. నేను సూది కవరు చించాను. ఆ చప్పుడుకే మీరు పడిపోయారు. సూది పిల్లి దాకా వెళ్లనేలేదు. డాక్టరమ్మ పిల్లిని వదిలేసి ముందు మిమ్మల్ని చూసింది. పక్కబల్ల మీద పడుకోబెట్టి నీళ్లు చల్లాం. ఆ రోజు తువ్వాళ్లు అయిపోయిన మాట నిజమే."

డ్రైవరు కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఒక్కటే మిగిలిందన్నప్పుడు బాబాయ్ మొహం చూశాను. మీటరు గిర్రున తిరుగుతూ తిరుగుతూ ఫ్యూజు పోయినట్టుంది. ఆయన నేల చూపులు చూస్తూ, "ఇప్పుడు బాగానే ఉంది. నున్నగా అయింది. నా ఒళ్లోనే పడుకుంటుంది," అన్నాడు, మామూలు మనిషిలా.

నేను నర్సుని అడిగాను. "ఒక్క కాన్పయినా కావాలంటారు కదా, మంచిదని?"

"పిల్లికి దానివల్ల ఒరిగేదేమీ లేదండీ. అది కావాలనుకునేది మనమే. రేపు పొద్దున తీసుకురండి, తిండి ఎప్పుడు ఆపాలో ఇప్పుడే చెబుతాను. అంతవరకూ తలుపు వేసి ఉంచండి, ఆ గోడ మీదాయన వాలకం నాకు నచ్చలేదు."

సరేనన్నాను. సంచీ జిప్పు వేసి ఇచ్చాను.

ఈలోపు బాబాయ్ తేరుకున్నాడు. "నేను పడిపోలేదమ్మా. డాక్టరమ్మ ప్రమాదం వస్తే కంగారు పడుతుందో, నిబ్బరంగా ఉంటుందోనని పరీక్షించాను. నా పిల్లిని ఎవరి చేతుల్లో పెడుతున్నానో చూసుకోవద్దా?"

"అరగంట పరీక్షించారు," అంది నర్సు.

"మరి అంతే నిలకడగా చూడాలి!" అని, బాబాయ్ నావైపు తిరిగాడు. "రేపు నేనూ తోడు రానా అమ్మాయ్?"

నర్సు సంచీ భుజానికి తగిలించుకుంది. "తప్పకుండా రండి. ముందు ఒక ఫోను చెయ్యండి చాలు, రెండో బల్ల ఖాళీ చేయించి ఉంచుతాను."

మర్నాడు పిల్లిని నేనొక్కదాన్నే తీసుకెళ్లాను. ఒక్క బల్లతోనే సరిపోయింది.