బాబాయి ఇచ్చిన కారు

కోపకబానా చర్చి ముందు కారుకు దీవెన చేయించి లాపాజ్‌కు తిరిగొచ్చిన మర్నాడు, మెకానిక్‌తో ఫోన్లో మాట్లాడి మా ఆయన గంతేశాడు.

"కారు బంగారంలా ఉందట!"

"నమ్మేశావా? మలుపు తిప్పితే టకటక, స్టీరింగ్ గజగజ. మీ ఎఫ్రాయిన్ బాబాయి పెళ్లికానుకని పాత డొక్కు అంటగట్టాడు."

"కాదే, ముందు చక్రం ఇరుసుకు తీగ చుట్టుకుందట, తీసేశాడట."

"అదెలా వచ్చింది? ఆయన పనేనా?"

"అది పూలదండ తీగ. దీవెనకని బంపరుకు దండలు కట్టిందెవరు?"

"...నేనే."

"ఒకటి చాలన్నా వినకుండా నాలుగు కట్టావు, మహాతల్లీ!"

"అయ్యో! నిన్న బాబాయిని మొహం మీదే మోసగాడన్నానే!"

"నేను పక్కనే ఉన్నాగా."

"రేపు పొద్దున్నే మాంసం కూరిన వేడి వేడి సాల్తేన్యాలు పట్టుకుని వాళ్లింటికి వెళ్దాం. స్టీరింగ్ ఆయన చేతికిచ్చి, ఊళ్లో మలుపులన్నీ తిప్పమందాం. నేను వెనక సీట్లో నోరు మూసుకుని కూర్చుంటా."