రెండు ఎరుపులు

1998. బెంగళూరు, కె.ఆర్.పురంలోని ఒక కాన్వెంటు బడి. మూడో తరగతి గదిలో టీచరు భాగీరథమ్మ, వరూధిని ఎదురెదురుగా నిలుచున్నారు. వరూధిని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టిన కూతురు వర్షిణి ముందు బెంచీలో ఉంది.

“నన్నడగొద్దు మిస్ క్షమాపణ. అదో, ఆ బిడ్డను అడగండి.”

“నెమ్మదిగా, వరూధినిగారూ. డాక్టరు ఏమన్నాడో ముందు చెప్పండి.”

“ఎడమ కంటి నరం వాచిందంట. కంటి నుంచి మెదడుకు పోయే నరం. నిన్న తల అంటుతుంటే కుడి కంట్లో సీకాయ పడి ఆ కన్ను మూసుకునింది. చీకటి, చీకటి అని అరిచింది. అప్పుడే పరిగెత్తినాను. ఈ రోజే ఆస్పత్రిలో చేర్చమన్నాడు.”

“మరి అక్కడికి పోకుండా ఇక్కడికి వచ్చినారే?”

“దారిలోనే కదా. మిమ్మల్ని అడిగి పోదామని.”

“అయ్యో! చూపు వస్తుందా?”

“ఇంజెక్షన్లు వేస్తే వస్తుందన్నాడు. కుడి కన్నుకు భయం లేదన్నాడు. ఎర్ర రిబ్బను ఒక కంటికి ఎర్రగా, ఇంకో కంటికి ఇటుక రంగుగా ఉండాదని పాప మీకు చెప్పలేదా?”

“చెప్పింది. చెప్పగానే క్లాసంతా ఒక కన్ను మూసుకుని, ‘మిస్, నాకూ, నాకూ’ అని ఒకటే గోల. అల్లరనుకుంటిని.”

“అనుకుని?”

“బెంచీ ఎక్కించినాను.”

“అబద్ధాలకోరు అంటిరి! నేను ఊరకుండను. హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్తాను, అవసరమైతే కోర్టుకు పోతాను. నా బిడ్డకు న్యాయం కావాల.”

“పొండి. నా తప్పు నేను ఒప్పుకుంటాను. కానీ పోయిన వారం మీకు కబురు పంపితిని కదా? మీరు వస్తిరి కదా?”

“వచ్చినాను. అయితే?”

“పాప మీ కొంగు పట్టుకుని, ‘నిజమే అమ్మా’ అని ఏడ్చింది.”

“టీచరు మాట నమ్మక ఎవరి మాట నమ్మేది?”

“క్లాసందరి ముందు బిడ్డతో నాకు సారీ చెప్పించింది ఎవరు? నేను అడిగినానా?”

“అది వేరే మాట.”

“వేరే కాదమ్మా. అదే మాట.”

“వర్షిణీ, నువ్వే చెప్పు తల్లీ. మిస్ నిన్ను ఎట్ల తిట్టిందో చెప్పు. భయం లేదు, అమ్మ ఉండాది. నా పక్క చూసి చెప్పు.”

“ఆగండి. పాప మీ పక్క చూడడం లేదు.”

“నా మీద అలిగి ఉంటుంది.”

“అలక కాదు. వర్షిణీ, నా చేత్తో ఎన్ని వేళ్ళు చూపిస్తా ఉండానో చెప్పు.”

“చెయ్యి ఎక్కడ మిస్?”

“అయ్యో నా బిడ్డా... కుడి కన్ను కూడానా! ఎప్పటి నుంచే?”

“పొద్దున లేచినప్పటి నుంచి.”

“మరి నాకెందుకు చెప్పలేదే?”

“మళ్ళీ సారీ చెప్పమంటావని.”