అద్దం కింది పట్టీ

కంటి ఆపరేషన్ చేయించుకున్న తండ్రి ఇంకో గంటలో ఇంటికి వస్తారు. ఈలోపు ఆయన పాత ఎర్రకారుకి, తలుపు అద్దం కింద వంగిపోయిన రబ్బరు అంచు పట్టీ తీసి కొత్తది వెయ్యాలని అక్కా తమ్ముడూ షెడ్డులో హడావిడి పడుతున్నారు.

"ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టరా, పెయింట్ లేచిపోతుంది."

"నీ ప్లాస్టిక్ గరిటెతో తెల్లారుతుందక్కా!"

"చిన్నప్పుడూ ఇలాగే తొందరపడి దీన్ని వంచావు."

"నేను ముట్టుకోనేలేదని ఎన్నిసార్లు చెప్పాలి? 'తొందర చేతికి తాళం ఇవ్వను' అంటూ ఇరవై ఏళ్లుగా నాన్న నన్ను ఈ కారు నడపనివ్వలేదు."

"సర్లే, హెయిర్ డ్రయర్ పట్టుకో. రబ్బరు వేడెక్కితే మెత్తబడుతుంది. అప్పుడు ఒక్కో క్లిప్పూ నెమ్మదిగా లేపుతాను."

"కానివ్వు, నాలుగున్నర అయింది."

"ఆఁ, వచ్చేసింది. ఇదేంట్రా, పట్టీ కింద ఇంత గీత?"

"స్క్రూడ్రైవర్ జారిన గీత. పైన ఏదో ఎర్రగా పూశారు."

"అమ్మ గోళ్ల రంగురా! సీసా ఖాళీ చేశానని నాన్న నన్ను ఎంత తిట్టారో!"

"అంటే వంచిందీ ఆయనే, పూసిందీ ఆయనే. రానీ, గుమ్మంలోనే అడిగేస్తాను."

"కంటికి కట్టుతో వస్తున్న మనిషినా?"

"సరే, అడగను."

"మరి ఈ గీత?"

"కొత్త పట్టీ ఇలా ఇవ్వు. గీత కనబడకుండా మూసేద్దాం."

"స్క్రూడ్రైవర్ కావాలా?"

"వద్దు, ఆ గరిటే ఇవ్వు. కానీ కట్టు విప్పాక ఆయన తాళం అడుగుతారు చూడు, తొందర చేతికి ఇవ్వనని చెబుతాను."