ధ్రుపద తిట్టడం మానేసింది

హలో… ఆ, నేనే డాక్టరమ్మా. చేపలమ్మే ధ్రుపద వదినని.

— మీరు రాసిపెట్టమన్న పుస్తకం చదువుతాను. పెద్దతనంలో నేర్చుకున్న అక్షరాలు… తప్పులుంటే మన్నించాలి. కూడబలుక్కుని చదువుతాను, కాస్త ఓపిక పట్టండి.

'కొత్త మాత్ర మొదలెట్టి రెండు నెలలు. మూర్ఛ… ఒక్కసారీ రాలేదు.'

— సంతోషమేనమ్మా. ఉండండి, కింద ఇంకా ఉంది.

'తగువులు… ఒక్కటీ లేవు.'

— మంచిదంటారేమిటి? వెర్సోవా చేపల బజారులో కూర్చునే మనిషి. బేరమాడినవాళ్ళను నాలుగు తిట్టి మరీ చేప అంటగట్టేది. మొన్న ఒకావిడ చందువా చేప మొప్ప ఎత్తి, నిన్నటిదా అని అడిగింది. మా ధ్రుపద 'మొన్నటిది' అంది.

— నిజం చెప్పడం తప్పు కాదు. చేప కళ్ళు లోపలికి పోయాయని ఆవిడంటే, 'నావీ అంతే అక్కా' అంది. ఆవిడ చేప వదిలేసి దీన్ని ఓదార్చి వెళ్ళింది.

— నవ్వండి, నేనూ నవ్వాను. పిల్లి బుట్టలో తల పెడితే, పాపం తిననీ అంది. ఆ పిల్లికే అనుమానమొచ్చి తినకుండా పోయింది.

— బజారుకేం, దీని నోరు మూతపడిందని పండగ చేసుకుంటోంది.

— చెప్తున్నా. మొన్న సాయంత్రం బజారులో కావాలనే దీని చాప సగం ఆక్రమించాను, తిడుతుందని. జరిగి చోటిచ్చింది. 'నేను పోతే అంతా నీదే వదినా' అంది.

…

— ఆ. సరిగ్గా అదే మాట. అప్పటి నుంచి నాకు నవ్వు రావడం లేదు.

— మాత్ర వల్లా? మూర్ఛ మాత్ర మనసును కూడా ఇలా కుంగదీస్తుందా? … కొందరికే… అయితే దీని తప్పేం లేదన్నమాట. ఇవాళే ఆపేస్తాను.

— ఆపకూడదా? … ఉన్నట్టుండి ఆపితే మూర్ఛ ఇంకా గట్టిగా వస్తుందా… సరే, మీరు మార్చేదాకా వేస్తాను. … లేదు, ఒంటరిగా వదలను. … ఇప్పుడే తీసుకురానా? ఉండండి, అడుగుతాను.

ధ్రుపదా, ఆస్పత్రికి వస్తావా?

— మారు మాట్లాడకుండా సరే అంది. చూశారా, ఎంత ముదిరిందో.

— పేర్లు రాసుకునే అమ్మాయికి ఫోను ఇస్తున్నారా? ఇవ్వండి.

ఆ, అమ్మా… తోడొచ్చేది నేనే. సగుణా నాఖ్వా. … అరవై ఆరు. … ఇల్లా? మా ఆయన పోయాక కొడుకు దగ్గర ఉండేదాన్ని. మొన్నటి నుంచి ధ్రుపద ఇంట్లో, దాని మంచం పక్కన, కింద. … అదే రాసుకో.